గురుఋణము తీరునా?

మానవుడు ఋణములతోనే జన్మించుచున్నాడని వేదము చెప్పుచున్నది. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని అవి మూడు. యజ్ఞముచేత దేవతలకును, సంతానముచేత పితృదేవతలకును, బ్రహ్మచర్యముచేత ఋషులకును మనుజుడు ఋణవిముక్తుడగునని తైత్తిరీయసంహిత వివరించినది. ఇందు ఋషిఋణమును తీర్చు విధానము ప్రత్యేకముగ గమనింపదగినది. ఋషులకు ధాన్యము కొలువుమనలేదు, గోవుల నిమ్మనలేదు, వ్రతనిష్ఠతో చదువుమన్నది. ఎవరు మనకు విద్య నిచ్చిరో వారి ఋణము ఆ విద్యను శ్రద్ధతో స్వీకరించుటచేతనే తీరునట! పుచ్చుకొనుటయే తీర్చుట యగు ఈ లెక్క లోకములో ఏ వడ్డీ వ్యాపారి పద్దుపుస్తకమునందును కానరాదు.

ఈ వింత లెక్కను కొంత విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము. మనకు చదువు చెప్పినవారిని, అంతకంటెను ముఖ్యముగ, మనము ఏమియు కాని దినములలో మనయందు నమ్మక ముంచి వెన్నుతట్టినవారిని తలచుకొన్నప్పుడు ప్రతి హృదయమునందును ఒక ప్రశ్న కలుగును. ఆ ఋణము తీరునా? తీరునదైనచో ఏ విధముగ తీర్చవలెను? తీరనిదైనచో ఆ భారముతో ఎట్లు బ్రదుకవలెను?

మహాకవి కాళిదాసు రఘువంశ పంచమసర్గమున ఈ ప్రశ్ననే కథారూపమున మన యెదుట నుంచెను. వరతంతు మహర్షి శిష్యుడగు కౌత్సుడు విద్యలన్నియు ముగించి, గురుదక్షిణగ నేమి సమర్పింతునని అడిగెను. నీవు చేసిన శుశ్రూషయే చాలునని మహర్షి సెలవిచ్చెను. కౌత్సుడు విడువలేదు, మరల మరల అడిగెను. అంతట గురువు కినిసి, శిష్యుని పేదరికము నెంచక, పదునాలుగు విద్యలకు పదునాలుగు కోట్లు తెమ్మనెను. కౌత్సుడు రఘుమహారాజు కడకు పోవునప్పటికి ఆ రాజు విశ్వజిద్యాగము చేసి సర్వస్వము దానమిచ్చి, మట్టిపాత్రతో అర్ఘ్యమిచ్చు స్థితిలో నుండెను. అయినను అర్థిని రిక్తహస్తములతో పంపనొల్లక కుబేరునిపై దండెత్త సంకల్పించెను. ఆ రాత్రియే రాజు కోశాగారమున సువర్ణవృష్టి కురిసెను.

ఈ ఘట్టమును పాఠము చెప్పునప్పుడు రఘువు ఔదార్యమును, కౌత్సుని నిస్స్పృహత్వమును కొనియాడుట వాడుక. అది యుక్తమే. కాని మహర్షికి కోపమేల వచ్చెను? శిష్యుడు దక్షిణ ఇత్తుననుట దోషము కాదే! నాకు తోచిన సమాధాన మిది. శుశ్రూష చాలునని గురువు పలికినప్పుడు ఆయన శిష్యునితోడి అనుబంధమును అట్లే నిలుపుచున్నాడు. శిష్యుడు పదే పదే వెల అడిగినప్పుడు, తెలియకయే, ఆ అనుబంధమును లెక్కగట్టి ముగింపజూచుచున్నాడు. వెల చెల్లించినవాడు అంగడి విడిచి వెళ్ళిపోవును. వానికి వెనుదిరిగి చూడవలసిన పనిలేదు. ఋణము తీర్చవలెనను తొందరలో కృతజ్ఞత ఎంత కలదో, ఆ బంధమునుండి విడివడవలెనను అహంకారముకూడ ఒక్కొక్కప్పుడు అంత దాగియుండును. మహర్షి దానిని గ్రహించెను. లెక్కయే కావలెనన్నచో లెక్క ఎంతదూరము పోవునో చూడుమని పదునాలుగు కోట్లు చెప్పెను. ఒక్కొక్క విద్యకు ఒక్కొక్క కోటి. కాని ఏ నమ్మకముతో ఆ పేదబాలుని తన యాశ్రమమున చేర్చుకొనెనో ఆ నమ్మకమునకు ఆయన వెల చెప్పలేదు. లెక్క పదునాలుగుతోనే ముగిసెను.

గురువు శిష్యునకు ఇచ్చునవి నిజమునకు రెండు. ఒకటి విద్య, రెండవది విశ్వాసము. విద్య శిష్యుని అర్హతను బట్టి క్రమక్రమముగ లభించును. విశ్వాసము అట్టిది కాదు. అది అర్హత కంటె ముందు వచ్చును. శిష్యుడు ఇంకను ఏమియు చూపలేని సమయమున, వీడు కాగలడు అని గురువు తలచును. ఆ తలంపు తాకిన పిమ్మటనే శిష్యుడు కాదొడగును. విద్యకు ప్రతిఫలముగ ధనమో, సేవయో, కీర్తియో ఇయ్యవచ్చును. విశ్వాసమునకు ఏమి ఇయ్యగలము? మనము సంపాదించిన సమస్తమును ఆ విశ్వాసము తరువాత పుట్టినదే. దానిలో కొంత తీసి ఇచ్చినను, ఆయన సొమ్మునే ఆయనకు ఇచ్చినట్లగును.

శ్రీవైష్ణవ గురుపరంపరలో ఇందుకు పరమోదాహరణము కలదు. శ్రీరామానుజులవారు కాంచీపురమున యాదవప్రకాశుల వద్ద చదువుకొనుచున్న దినములలో శ్రీరంగమునుండి యామునాచార్యులవారు వరదరాజస్వామి సేవకై విచ్చేసిరి. విద్యార్థుల గుంపులో నున్న ఆ యువకుని దూరమునుండి చూచిరి. పిలిపింపలేదు, పలుకరింపలేదు, ఒక్క పాఠమైనను చెప్పలేదు. ఇతడు మన దర్శనమునకు దక్కవలెనని వరదుని ప్రార్థించి మరలిపోయిరి. తరువాత కొంతకాలమునకు మహాపూర్ణులను పంపి రామానుజులను పిలిపించిరి గాని, వారు శ్రీరంగము చేరునప్పటికే యామునులు పరమపదించియుండిరి. ఆ దివ్యశరీరమునకు మూడు వ్రేళ్ళు ముడిచి యుండుటయు, రామానుజులు మూడు ప్రతిజ్ఞలు చేయగ అవి ఒక్కొక్కటిగ విడివడుటయు పాఠకులెల్ల రెరిగినదే.

విచారింపుడు! లౌకికదృష్టితో చూచినచో యామునులు రామానుజులకు ఏమి నేర్పిరి? నేర్పినవారు మహాపూర్ణులు, గోష్ఠీపూర్ణులు, శ్రీశైలపూర్ణులు మున్నగువారు. తిరుపతిలో ఒక సంవత్సరము శ్రీమద్రామాయణార్థములను అనుగ్రహించినవారు శ్రీశైలపూర్ణులు. అయినను రామానుజులు గీతాభాష్యమునకు పూనుకొన్నప్పుడు మొట్టమొదట తలచినది యామునులనే. ఆ పాదధ్యానముచేత తన కల్మషములు తొలగి తాను ఒక వస్తువుగ నైతినని ఆయన చెప్పుకొనిరి. వస్తువగుట యనుమాటను పండితులు వినయోక్తిగ గ్రహించి సాగిపోవుదురు. నాకు మాత్రము అది కేవల వినయముగ తోచదు, అనుభవముగ తోచును. లేనివాడను ఉన్నవాడనైతిని అని దాని తాత్పర్యము. గురువుయొక్క ఒక చూపు శిష్యునకు విద్యను గాదు, ఉనికినే ప్రసాదించెను.

మరి ఆ ఋణమును రామానుజులు ఎట్లు తీర్చిరి? యామునులు లేరు. ఇయ్యదలచినను పుచ్చుకొను హస్తము లేదు. కావున ఆ కృతజ్ఞత ముందునకే ప్రవహించెను. బ్రహ్మసూత్రములకు శ్రీభాష్యమై వెలసెను. కూరేశుల కుమారునకు పరాశరనామమై నిలిచెను. వెనుకకు పోవు త్రోవ మూసికొనిపోయినప్పుడే ఋణము ముందునకు సాగు త్రోవను కనుగొనునని దీనివలన తెలియుచున్నది.

ఇది ఆచార్యపురుషుల విషయము, మావంటివారి కేల యని కొందరనవచ్చును. అందుచేత సమీపకాలమునకు, సమీపదేశమునకు వత్తము. నేను ప్రస్తుతము నివసించుచున్న విశాఖపట్టణపు ఉక్కునగరమునకు ఎంతో దూరములేని విజయనగరమున 1919లో శ్రీ విజయరామ గజపతి మహారాజు ఒక సంగీత కళాశాలను నెలకొల్పిరి. హరికథా పితామహులగు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులు. విశాఖపట్టణమున పెరిగిన ద్వారం వేంకటస్వామినాయుడుగారికి అప్పటికి ఇరువదియారేండ్లు. కంటిచూపు సరిగ లేనందున బడిచదువు సాగలేదు. అన్నగారివద్ద ఫిడేలు నేర్చిరి. ఆ కళాశాలలో విద్యార్థిగ చేరదలచి ఆయన వెళ్ళగ, వాద్యమును వినిన దాసుగారు, ఇతనికి ఇచ్చట కావలసినది విద్యార్థిస్థానము కాదు, ఆచార్యస్థానమని నిశ్చయించిరని పెద్దలు చెప్పుకొందురు. ఆ సంవత్సరమే నాయుడుగారు అచ్చట వాయులీనాచార్యులైరి. 1936లో దాసుగారి పిమ్మట ఆ అధ్యక్షపీఠమును అలంకరించినవారు ఆయనయే. బడి వలదన్న చూపును దాటి, ఆ మనిషిలోని నాదమును చూచినది ఒక గురువుయొక్క చూపు.

నాయుడుగారు అధ్యక్షులుగ నున్న కాలముననే కృష్ణాతీరమునుండి ఒక పేదబాలుడు ఆ కళాశాలను వెదకికొనుచు వచ్చెను. తండ్రి నారాయణతీర్థుల తరంగములను పాడుచు కుమారుని భుజముపై నెక్కించుకొని భజనలకు త్రిప్పినవాడు. కుమారుడు గొప్ప గాయకుడు కావలెనని కోరి బాల్యముననే వానిని విడిచి పరలోకగతుడైనవాడు. ఆ బాలుడు చేతి ఉంగరము నమ్ముకొని విజయనగరము చేరునప్పటికి కళాశాలకు వేసవి సెలవులు. తలదాచుకొనుటకు దొరికిన తావుకూడ కొలదిదినములలో తప్పిపోగ, ఒక అమ్మవారి గుడియే ఆశ్రయ మయ్యెను. అతడే ఘంటసాల వేంకటేశ్వరరావు. ఆ స్థితిలో అతనిని ఇంటికి పిలిచి, ఒక్క కాసైనను పుచ్చుకొనక గాత్రము నేర్పినవారు సాలూరు చిన్నగురువుగారని ప్రసిద్ధిచెందిన పట్రాయని సీతారామశాస్త్రిగారు. శాస్త్రిగారు సంపన్నులు కారు. విద్య ఉచితముగ ఇయ్యగలిగిరి గాని పూటపూటకు అన్నము పెట్టగల స్థితి వారికి లేదు. శిష్యుడు జోలెతో ఇల్లిల్లు తిరిగి మాధుకరముచేత పొట్టపోసికొనెను. తదుపరి కళాశాలలో చేరి విద్యను పూర్తిచేసెను.

ఘంటసాలగారు తమ జీవిత చరమదశలో గానము చేసిన భగవద్గీత నేటికిని తెలుగునాట దేవాలయములనుండియు, గృహములనుండియు వినవచ్చుచున్నది. సంస్కృతాక్షరము ఎరుగని ముదుసలులు సైతము ఆ కంఠము ననుసరించి గీతాశ్లోకములను పలుకుచుండుట నేను చూచియున్నాను. ముప్పదియేండ్లు బడిలో సంస్కృతము బోధించినవాడను; అంతమంది నోట గీతను నిలుపుట నావంటివారికి సాధ్యమైన పని కాదు. అయితే సీతారామశాస్త్రిగారు ఆ గీతను వినలేదు. వారు 1957లోనే కీర్తిశేషులైరి. గుడిలో తలదాచుకొన్న బాలుని చేయిపట్టి ఇంటికి తెచ్చుకొన్న దినమున, ఈ కంఠము ఒకనాడు ఇంటింట గీత వినిపించునని వారికి తెలియదు. తెలిసి చేసినచో అది పెట్టుబడి యగును. తెలియక చేసినందున అది నిష్కామకర్మ మయ్యెను. ఏ గీతను శిష్యుడు పాడెనో ఆ గీతలోని ముఖ్యోపదేశమును గురువు ముందుగనే ఆచరించి చూపెను.

శిష్యుడును మరువలేదు. గురుపుత్రులగు పట్రాయని సంగీతరావుగారు మదరాసులో చిరకాలము ఘంటసాలగారి సంగీత సహాయకులుగ ప్రక్కన నిలిచి పనిచేసిరి. నిండు నూరేండ్లు జీవించి వారు 2021లో దివంగతులైరి. గురుకుటుంబము తనను అక్కున చేర్చుకొన్నట్లే, గురుకుటుంబమును తన సంగీతమున చేర్చుకొనుట కంటె సముచితమైన దక్షిణ ఏమి కలదు?

ఇచ్చట రెండు ఆక్షేపణలకు సమాధానము చెప్పవలసియున్నది. మొదటిది: ఈ కాలమున ఉపాధ్యాయుడు జీతము పుచ్చుకొనుచున్నాడు, విద్యార్థి రుసుము చెల్లించుచున్నాడు, ఇక ఋణమెక్కడిది? జీతము పాఠమునకు చెల్లును, దానిని కాదనరాదు. కాని గంట మ్రోగిన పిమ్మటకూడ ఒక మందమతిని కూర్చుండబెట్టుకొని, నీకు వచ్చును, మరల చదువుము అని చెప్పిన మాటకు జీతపు పట్టికలో గడి లేదు. వెల ఉన్నదానికి వెల చెల్లించితిమని, వెల లేనిదానికి కూడ లెక్క తీరినదనుకొనుట న్యాయము కాదు.

రెండవది కొంచెము కఠినమైనది: గురువులందరును అట్టివారు కారే! అసూయతో నడచినవారి మాట, శిష్యుని కించపరచినవారి మాట ఏమి? శ్రీరామానుజుల చరిత్రయే ఇందుకును ప్రమాణము. యాదవప్రకాశులు శ్రుత్యర్థమును విపరీతముగ చెప్పినప్పుడు రామానుజులు కన్నీరుపెట్టుకొని తమకు తోచిన అర్థమును విన్నవించిరి. గురువనుటచేత అసత్యమును అంగీకరింపలేదు. అసత్యము చెప్పెననుటచేత ద్వేషింపలేదు. కాలాంతరమున ఆ యాదవప్రకాశులే రామానుజుల శిష్యులై గోవిందజీయరను నామమును పొందినట్లు గురుపరంపర చెప్పుచున్నది. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లియందు ఆచార్యుడు తనను దైవముగ భావింపుమని శిష్యునకు చెప్పుచునే, మాలోని సత్ప్రవర్తనములను మాత్రమే అనుసరింపుము, ఇతరములను గాదు అని హద్దు గీచుచున్నాడు. కృతజ్ఞత అంధభక్తి కాదు. అది మేలును మేలుగ గుర్తించు వివేకము.

ఇక నా యనుభవము ఒకటి విన్నవింతును. నేను పండ్రెండవ యేట పాఠశాలలో నుండగ, ఇంటి యిబ్బందులచేత మా తండ్రిగారు నన్ను చదువు మాన్పించి ఏదేని పనిలో పెట్టదలచిరి. ఆ వార్త తెలిసి మా గురువుగారు ఎండలో రెండుకోసులు నడచి వచ్చి, అరుగుపై కూర్చుండి, మజ్జిగ పుచ్చుకొని, "అయ్యా! వీనికి ధాతువులు నోటికి పట్టినవి. ఇప్పుడు లేపవలదు" అని మాత్రము పలికిరి. నా మెదడు అంత చురుకైనది కాదని ఆయన కంటె నాకే బాగుగ తెలియును. అయినను ఆ మాట పట్టుకొని నేను చదివితిని. ఉద్యోగము లభించిన పిమ్మట మొదటి జీతముతో ఒక ధోవతుల చాపు కొని ఆయనకు సమర్పించితిని. ఆయన వరతంతువువలె నిరాకరింపలేదు, సంతోషముతో కన్నులకద్దుకొనిరి. మరునాటి ఉదయము సంధ్యావందనవేళ చూతును గదా, ఆ జరీ అంచు ధోవతి క్రొత్తగ చేరిన ఒక బాలుని నడుమున నున్నది! వానికి మారు వస్త్రము లేదట. గురువుగారు నావైపు చూచి చిరునవ్వు నవ్విరి, ఏమియు చెప్పలేదు. గురుదక్షిణ ఎచ్చటికి చేరవలెనో నాకు ఆనాడు తెలిసినది.

ఉక్కునగరము కర్మాగారమున పనిచేయువారికై వెలసిన ఊరు. ఇచ్చటి పెద్దల వలన నేను వినిన విషయ మొకటి చెప్పెదను. ఇనుమును కరగించు మహాకొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పుణ్యనామము లిడిరి. అట్టి కొలిమిని ఒకసారి రగిల్చిన పిమ్మట సంవత్సరములతరబడి ఆరనీయరట. సెగ తగ్గి లోనున్న లోహము గడ్డకట్టినచో దానిని మరల కరగించుట మహాకష్టము. పసిమనస్సుకూడ అట్టిదే. ఒక్క ప్రోత్సాహవాక్యము దానిని రగిల్చును. ఒక్క ఈసడింపు దానిని గడ్డకట్టించును. పిమ్మట ఎన్ని పుస్తకములు తెచ్చి పోసినను అది కరగదు. ఆ కర్మాగారమునందుకూడ క్రొత్తగ చేరిన కుర్రవానికి నిప్పు దగ్గర ఎట్లు నిలువవలెనో ఒక పాతకాపు నేర్పినవాడే. అతడును గురువే. విద్య యన్న వేదశాస్త్రములు మాత్రమే కావు.

నేటి తల్లిదండ్రులు పిల్లల మార్కులను, ర్యాంకులను చూచి వారియందు నమ్మక ముంచుచున్నారు. ఇది త్రాసు తలక్రిందులైనట్లున్నది. రుజువు చూచి ఉంచునది నమ్మకము కాదు; గుర్తింపు మాత్రమే. గుర్తింపు లోకమంతయు ఇయ్యగలదు. రుజువు లేనినాడు నమ్మకము నుంచుట గురువులు, తల్లిదండ్రులు చేయదగిన పని. ఘంటసాలవారికి పేరు వచ్చిన పిమ్మట చేయిపట్టుకొన్నవారు వేలకొలది. గుడిలో పడియున్ననాడు పట్టుకొన్న చేయి ఒక్కటే.

కావున, భక్తమహాశయులారా, గురుఋణము తీరునా యను ప్రశ్నకు సమాధాన మిది. తీరదు, తీర్చి చేతులు కడుగుకొనవలసినదియు కాదు. తీరిన ఋణము బంధమును త్రెంచును. తీరని ఋణము పరంపరను నిలుపును. మనము చేయవలసినవి మూడు. గురువును మనస్సులో మరువకుండుట. ఆయన ఇచ్చిన విద్యను వాడుకలో నుంచి త్రుప్పుపట్టకుండ కాపాడుకొనుట. ఆయన మనయందుంచిన నమ్మకమును, దానికి ఇంకను అర్హత చూపని మరియొకరియందు ఉంచుట. మూడవది లేనిచో మొదటి రెండును పూజామందిరమున ఉంచిన పటముపై దండవలె మిగులును.

మన యింటికి వచ్చు పనిమనిషి కుమార్తె కావచ్చును. ప్రక్కయింటి అల్లరిపిల్లవాడు కావచ్చును. పరీక్షలో తప్పి తలవంచుకొని కూర్చున్న మనుమడు కావచ్చును. వారిలో ఏ నాదము, ఏ నేర్పు దాగియున్నదో మనకు తెలియదు. తెలియకనే ఒక్క మాట చెప్పవలెను. అది ఏ కాలమున, ఏ గీతగ పండునో చూచుటకు మనము ఉండకపోవచ్చును; సీతారామశాస్త్రిగారును ఉండలేదు.

ప్రహ్లాదుని నోట అష్టాక్షరిని అణచివేయజూచిన గురువులుండగ, ఆ బాలుని మాటపై నమ్మకముంచి స్తంభమునుండి వెడలివచ్చిన పరమాచార్యుడు సింహాద్రినాథుడు. ఆ వరాహలక్ష్మీనృసింహస్వామి మనకందరకు గురుస్మరణమును, పరులయందు నమ్మకముంచు విశాలహృదయమును అనుగ్రహించుగాక!